తలకీ ఇనుముకీ మధ్య

మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకున్నా కారు అడుగున రేకు గట్లు గట్లుగా గుచ్చుకుంటూనే ఉంది, వెనక సీటు ఉండాల్సిన చోట సీటు లేదు, బరువు తగ్గాలని కూతురు దాన్ని ఎప్పుడో పీకేసింది, ఆ ఖాళీలో ఆయన ఒదిగి కూర్చుని, మెడ ఒక పక్కకి వాల్చి, ఎదురుగా వంపు తిరిగి ఉన్న ఇనప గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. బయట ఎండ మండిపోతున్నా ఇనుము చలి ఇనుముదే. ముందున్న రెండు సీట్ల వెనక ఈ పక్క నేలలోంచి లేచి, పైకప్పు కింద కమానులా వంగి, ఆ పక్క నేలలోకి దిగి బోల్టులతో బిగుసుకుపోయిన గొట్టం. రోల్ బార్ అంటుంది కూతురు. కారు బోల్తా కొడితే పైకప్పు నలిగి మనిషి మీద పడకుండా మొత్తం బరువు ఇదే మోస్తుందట. బోల్తా అనే మాట ఎంత తేలిగ్గా అనేస్తుందో, పాలు పొంగాయి అన్నట్టు. ఇంకో గంటలో బయల్దేరాలి. తల్లీ కూతుళ్ళిద్దరే. దారిలో తల్లిని పెద్దమ్మ ఇంట్లో దింపి, కూతురు అక్కణ్ణించి కార్ల పందేలు జరిగే ట్రాక్ దగ్గరికి వెళ్తుంది. ఈలోపల ఈ గొట్టానికి మెత్త కట్టాలి. ఈ కారులో కాలు పెడితే నా పేరు మార్చి పిలవండి అన్నది తనే, ఇంటి ముందు నిలబడి వీధంతా వినేట్టు, అందుకే ఇందాక భార్య టీ గ్లాసు కిటికీలోంచి అందిస్తూ అంది, "ఏం పేరు పెట్టమంటారు మరి?" అని. "కాలెక్కడ పెట్టాను, మోకాళ్ళు పెట్టాను," అన్నాడు. ఆవిడ నవ్వలేదు గానీ వెళ్తూ వెళ్తూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అద్దంలో కనిపించింది.

ఈ నల్లటి గొట్టపు స్పాంజి, దీన్ని స్పాంజి అనడానికి నోరు రాదు, చెప్పు అడుగులా గట్టిగా ఉంది, పొడవునా ఒక పక్క చీలిక, ఆ చీలిక విప్పి ఇనుము మీదికి తొడగాలి, విప్పితే మళ్ళీ మూసుకుపోతుంది, వేళ్ళు నలుగుతున్నాయి. మొదట తను తెచ్చింది ఇది కాదు. పరుపుల దుకాణంలో అన్నిటికన్నా మెత్తనిది ఇమ్మని అడిగి, బుగ్గకి ఆనించుకుని చూసి మరీ తెచ్చాడు, పసిపిల్లల దిండులా ఉండేది. కూతురు దాన్ని ఇనప గొట్టానికి చుట్టి, రెండు వేళ్ళతో నొక్కి, ఇలా చూడు నాన్నా, అంది, వేళ్ళు సాఫీగా లోపలికి దిగిపోయి గోరు ఇనుముకి తగిలి టిక్కుమంది. "మెత్తగా ఉంటే అది ముందే లొంగిపోతుంది. తల వెళ్ళి ఇనుముకే తగులుతుంది. మెల్లిగా, బలవంతం మీద లొంగేదే కావాలి." రోజంతా కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని గాజు అరగదీసే పిల్ల, ఏది ఎంత నొక్కితే ఎంత అరుగుతుందో దానికి వేళ్ళలోనే ఉంది. మరి ఇన్నాళ్ళూ మెత్తనిదే మంచిదని తను ఎందుకనుకున్నాడు, దిండు మెత్తన, ఒడి మెత్తన, అమ్మ చెయ్యి మెత్తన, అంతవరకే తెలుసు, దెబ్బకీ తలకీ మధ్య నిలబడాల్సింది ఎలా ఉండాలో ఎవరు చెప్పారు తనకి. అసలు అంతకుముందు, హెల్మెట్ పెట్టుకుంటుందిగా, గొట్టానికి మెత్త కూడా ఎందుకట, అని తల్లిచేత అడిగిస్తే, పిల్ల తనే ఎదురుగా వచ్చి, "ట్రాక్ మీద పెట్టుకుంటాను. రోడ్డు మీదే కదా ఉండదు. వెనకనించి ఎవడో వచ్చి గుద్దితే చాలు, బట్టతలైనా జడతలైనా వెళ్ళి దీనికే కొట్టుకుంటుంది. ఈసారి పక్క సీట్లో అమ్మ కూర్చుంటుంది నాన్నా. కట్టి పెడతావా?" అంది. కట్టి పెడతావా. ఎండలు ముదిరి, వానలు పడి, వానలు వెలిశాక కూతురు నోటివెంట తన కోసం వచ్చిన మొదటి మాట అది. కట్టనని ఎలా అంటాడు.

తను అన్న మాట అలాంటిది మరి. వెల్డింగు షాపునించి ఈ గొట్టం బిగించుకుని వచ్చిన రోజు పిల్ల ముఖం దీపంలా ఉంది, చూడు నాన్నా అని తలుపు తీసి చూపించింది, ఇంకా పెయింటు వాసన పోలేదు, ఆయన చూశాడు, అడ్డంగా ఒక గొట్టం, నిలువుగా రెండు, ఏటవాలుగా ఒకటి, ఎందుకో ఆ క్షణంలో కళ్ళకి అది ఇంకోలా కనబడింది, నోరు దానంతట అదే తెరుచుకుంది, "పాడె కట్టుకుని తిరుగుతున్నావే," అన్నాడు. నాలుక మీద మచ్చ ఉందో లేదో గానీ అంటే మాత్రం మాట వెనక్కి రాదు. భార్య లోపలినించి పరుగెత్తుకొచ్చి, "తథాస్తు దేవతలు తిరిగే వేళ, ఏమిటా మాటలు, నోరు కడుక్కోండి," అని అరిచింది. కూతురు అరవలేదు. తలుపు మూసింది, మెల్లిగా, రేకు నొచ్చుకుంటుందేమో అన్నంత మెల్లిగా. ఆ తర్వాత ఇంట్లో చెప్పుల చప్పుడు తప్ప పిల్ల చప్పుడు లేదు, నాన్న హాల్లో ఉంటే వంటింట్లో నిలబడే తినేది, ఏదైనా కావాలంటే తల్లికి చెప్పి అడిగించేది, తనూ అంతే, అమ్మాయిని అడుగు అంటూ. ఇల్లు ఇరుకు, ఎదురుపడక తప్పదు, ఎదురుపడ్డప్పుడల్లా ఇద్దరూ పక్కకి తప్పుకునేవాళ్ళు, ఇరుకు సందులో రెండు బస్సుల్లా.

బస్సు. ఎటు తిరిగినా బస్సు దగ్గరికే. బస్సు నడిపిన రోజుల్లో డిపోలో ఆయన్ని చీమ అనేవాళ్ళు, చీమ బండి వస్తోందంటే తొందరున్నవాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు, ముసలివాళ్ళూ, చంకలో పిల్లలున్నవాళ్ళూ, చేతుల్లో గాజు సామాన్లున్నవాళ్ళూ ఆ బండి కోసమే ఆగేవాళ్ళు. గ్లాసులో నీళ్ళు పోసి డాష్ మీద పెడితే తొణకవు అని కండక్టరు కొత్తవాళ్ళకి గొప్పలు చెప్పేవాడు. చీమ కడుపున ఇది ఎలా పుట్టిందో, తూనీగ. ఆ బస్సులో కడ్డీలు, ఎక్కేచోట నిలువుగా, సీట్ల వీపుల మీద అడ్డంగా, లోకంలోని చేతులన్నీ పట్టుకుని పట్టుకుని వెండిలా మెరిసేవి, పట్టుకోవడానికే పెట్టారు వాటిని, పడకుండా. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ రోజూ ఆయన వెనక సీట్లోనే కూర్చునేది, వేళ్ళ చివర్లు నీళ్ళకి నాని ముడతలు పడి ఉండేవి, ఎక్కగానే కునుకు, స్టాపు రాగానే ఆయనే అద్దంలో చూసి పిలవాలి, అమ్మా, మీ స్టాపు, అని, అలా ఎన్నేళ్ళో. ఆ రోజు సైకిలు మీద ఒకతను గొయ్యి తప్పించబోయి ఒక్కసారిగా బస్సు ముందుకి వచ్చాడు. ఆయన కాలు బ్రేకు మీద ఎప్పుడు పడిందో ఆయనకే తెలియదు, కాలికి తెలుసు. సైకిలతను బతికాడు. జనం శభాష్ అన్నారు. ఆ శభాష్‌ల మధ్యన, వెనకనించి, టంగుమని ఒక చప్పుడు, ఖాళీ బిందె గట్టుకి తగిలినట్టు. నిద్రపోతున్న మనిషి కడ్డీ ఎలా పట్టుకుంటుంది. ఆయన వెనక్కి తిరిగేసరికి ఆవిడ కణత మీద చెయ్యి పెట్టుకుని, "నా స్టాపు దాటిపోయిందా బాబూ?" అని అడిగింది. లేదమ్మా, రాలేదింకా, దెబ్బ తగిలిందా, అంటే, ఆఁ ఏముంది, అంది, దిగి నడుచుకుంటూనే వెళ్ళింది.

నడుచుకుంటూ వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు, ఆ దెబ్బకే పోయిందట. వారం తిరక్కుండా ఆవిడ కొడుకు డిపోకి వచ్చాడు, గడ్డం నెరుస్తున్న మనిషి, అందరూ గొడవకొచ్చాడనుకుని చుట్టూ మూగారు, గొడవకి కాదు, అమ్మ ఎక్కడ కూర్చుందో చూపిస్తారా అని అడగడానికి వచ్చాడు. ఆయనే షెడ్డులో ఆగి ఉన్న బస్సు ఎక్కించి చూపించాడు. అతను ఆ సీట్లో కూర్చున్నాడు, ఎదురుగా ఉన్న కడ్డీని పట్టుకోలేదు, చూస్తూ కూర్చున్నాడు, కాసేపటికి, "అమ్మ ఏమన్నా అందా?" అన్నాడు. ఆయన చెప్పాడు, స్టాపు దాటిపోయిందా అని అడిగిందని. అతను నవ్వాడు, నవ్వుతూనే ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని, "మా అమ్మే," అన్నాడు. విచారణలో తప్పు ఎవరిదీ కాదన్నారు, ఆయనదీ కాదు, సైకిలతనిదీ కాదు, గొయ్యికి నోరు లేదు. ఎవరి తప్పూ లేకపోతే మనసు ఎక్కడ ఆగాలి, తప్పుంటే ఆ తప్పు దగ్గరైనా చతికిలబడేది. ఆయన ఆ కడ్డీకి పాత సైకిల్ ట్యూబు చుట్టి పైన గుడ్డ బిగించి కుట్టాడు. "ఏం గురూ, బస్సుకి కట్టు కట్టావు, ఎముక ఎక్కడ విరిగింది?" అన్నాడు కండక్టరు, అని, వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ప్రయాణికుల చేతులు ఊరికే ఉంటాయా, గిల్లి గిల్లి, పీకి పీకి, కొన్నాళ్ళకి ఇనుము మళ్ళీ బయటపడింది. మళ్ళీ చుట్టాడు. మళ్ళీ పీకారు. బస్సు పాతబడి తుక్కుకి పోయేదాకా అదే సాగింది, ఆయన చుట్టడం, జనం పీకడం.

"నాన్నా, తిరగేసి తొడిగావు." కూతురు ఎప్పుడొచ్చిందో, తలంటుకున్న జుట్టు భుజాల మీద నీళ్ళు కారుస్తోంది, కిటికీలోంచి చెయ్యి పెట్టి చూపించింది, కన్నం నట్టనడుమ లేదు చూడు, ఒక వైపు పల్చన, ఒక వైపు దళసరి, దళసరి వైపు తలకేసి ఉండాలి, అతుకు వెనక్కి పోవాలి. నిజమే, తలకేసి పల్చన, ఎవరూ లేని వైపు దళసరి, ఇంత వయసొచ్చి. ప్లాస్టిక్ కట్లు రెండు కోసేసి, గొట్టం మీద స్పాంజిని మెలితిప్పుతూ తిప్పాడు, అది కిరకిరలాడుతూ తిరిగింది. కూతురు వెళ్ళి తల్లిని తీసుకొచ్చింది, సీట్లో కూర్చో అమ్మా, నీ ఎత్తుకి సరిపోయిందో లేదో చూడాలి. ఆవిడ ముందు కాలు పెట్టాలా, ముందు నడుము పెట్టాలా తేల్చుకోలేక తలుపు దగ్గర కాసేపు తారట్లాడి, చివరికి ఒక్కసారిగా కూలబడింది. "ఇదేం సీటే, బావిలో దిగినట్టుంది. రోడ్డు కనబడుతుందా, ఆకాశమేనా?" అంది. "కళ్ళు మూసుకుని కూర్చో, ఏదీ కనబడదు," అంది కూతురు.

ఆయన భార్యని ఎప్పుడూ వెనకనించి చూడలేదు. ఆశ్చర్యమే, ఇన్నేళ్ళ కాపురంలో వెనకనించి ఇంత దగ్గరగా చూడలేదు, బస్సెక్కితే ఆవిడ తన వెనక కూర్చునేది, నడిస్తే తన వెనకే నడిచేది, రా రా అంటూ తను ముందు. ఇప్పుడు ఆవిడ తల ముందుంది. పల్చబడ్డ ముడి, ముడికింద మెడమీద ఒక పుట్టుమచ్చ, అది అక్కడుందని ఆవిడకైనా తెలుసా, చెవి వెనక ఎప్పటిదో గీత, జుట్టు మధ్యన తెల్లగా కనిపిస్తున్న మాడు, అక్కడ చర్మం ఎంత పల్చన, దాని కింద ఎముక, దాని కింద ఈవిడ మొత్తం, పుట్టింటి ఫోన్ నంబర్లూ, ఎవరికి ఏ కూర పడదో, పిల్ల పుట్టిన రోజు వాన కురిసిందా లేదా అన్న వాదనా, ఆయన్ని ఏమండీ అని పిలిచే గొంతూ. ఆ తలకీ ఇనుముకీ మధ్య బెత్తెడు జాగా. స్పాంజి ఇంకా ఆ చోటికి జరపలేదు, ఆ కొసన గొట్టం ఖాళీగా నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన చెయ్యి వెళ్ళి ఆ మధ్యలో ఆగింది, వేళ్ళ వెనక ఇనుము, అరచేతికి ఆవిడ జుట్టు తగిలీ తగలనట్టు. "ఏమిటి?" అంది ఆవిడ తిరక్కుండానే. "కొలుస్తున్నా," అన్నాడు. "కొలవండి," అని ఆవిడ వెనక్కి వాలి తల బరువు మొత్తం ఆయన చేతిలో పెట్టింది, కాసేపు అలాగే ఉంది, పెట్టె సర్దాలి, తొందరగా కొలవండి, అని గొణుగుతూనే ఉంది, లేవలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళాక మిగిలిన ముక్క తొడిగాడు, కట్లు బిగించి బిగించి లాగాడు, వేలు చీరుకుని రక్తం వచ్చింది, తుడుచుకున్నాడు, తోకలు కత్తిరించి, కొసలు ఎవరికీ గుచ్చుకోకుండా అవతలికి తిప్పాడు. అయిపోయింది. అయిపోయిందని చేతులంటున్నాయి, లోపల ఏదో ఒప్పుకోవడం లేదు. వేళ్ళతో నొక్కి చూశాడు, పిడికిలితో గుద్ది చూశాడు, పిడికిలికేం తెలుసు. రెండు సీట్ల మధ్యనించి ఎలాగో దూరి, ముందు సీట్లోకి జారి, వెనక్కి తిరిగి చూసుకుని, తల ఒక్కసారి వెనక్కి విసిరాడు. డుబ్బు. టంగుమనలేదు. ఇంకొంచెం గట్టిగా. డుబ్బు. కళ్ళ ముందు చిన్న మెరుపు, అంతే, నెప్పి ఉంది గానీ అది చెయ్యి పట్టుకుని ఆపిన నెప్పి, కోసిన నెప్పి కాదు. బస్సులో ఆ దుప్పట్లు ఉతికే ఆవిడ కొట్టుకున్నప్పుడు ఇది ఉండి ఉంటే, దిగి నడుచుకుంటూ వెళ్ళి, మర్నాడు మళ్ళీ ఎక్కి కునికి ఉండేది. ఇంకోసారి. ఇంకోసారి. కళ్ళలో నీళ్ళు ఎందుకొస్తున్నాయో, దెబ్బకే అనుకున్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావు?"

"చూస్తున్నా."

"తలతోనా?"

"తల కోసం కట్టింది తలతోనే కదా చూడాలి."

కూతురు గుమ్మంలో బ్యాగు కింద పెట్టి, అవతలి తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆయన ముఖంలోకి చూడలేదు, అది పిల్ల మంచితనం. తనూ తల వెనక్కి కొట్టి చూసింది, ఆయన ఉలిక్కిపడ్డాడు. "బాగా కట్టావు," అంది. అప్పుడు చెప్పాడు, ముందు అద్దంలోంచి ఎదురింటి గోడకేసి చూస్తూ, దుప్పట్లు ఉతికే ఆవిడ సంగతీ, కొడుకు సంగతీ, కడ్డీకి కట్టిన కట్టు సంగతీ, ముక్కలు ముక్కలుగా, ముందుది వెనకా వెనకది ముందూ. పిల్ల చివరిదాకా వింది.

"అమ్మ చెప్పింది ఎప్పుడో. నువ్వు చెప్తావేమోనని చూశాను."

"ఆ రోజు నేనా మాట అనకూడదు."

"అన్నావుగా."

"అన్నాను."

పిల్ల స్టీరింగు మీద వేళ్ళు ఆడించింది. "ఏడ్చాను, నిజమే. కానీ కోపం దానికి కాదు నాన్నా. నేను బండి నడపడం నువ్వు ఒక్కసారైనా చూశావా? చూడకుండానే బోల్తా కొట్టించేశావు. ఎవరో డ్రైవరు కానివాడు అంటే సరే. నువ్వన్నావు."

ఆయన బిగించిన కట్టునే మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాడు. "సందు చివరిదాకా వస్తావా, చూద్దువుగాని," అంది. రావాలనే ఉంది, లేవాల్సిన పని కూడా లేదు, కూర్చునే ఉన్నాడు, బెల్టు లాక్కుంటే చాలు, కానీ చెయ్యి బెల్టు వైపు కాక తలుపు పిడి వైపే పోయింది. "అమ్మకి ఆలస్యమవుతుంది. తిరిగొచ్చాక," అన్నాడు. పిల్ల సరేనంది, నమ్మిందో లేదో తెలియలేదు.

భార్య కూర్చుంది, ఒళ్ళో సంచి, బెల్టు ఆయనే బిగించాడు. స్టవ్ మీద పాలున్నాయి, రాత్రికి తలుపు గడియ మర్చిపోకండి, అని ఆవిడ చెప్తుండగానే ఇంజను అందుకుంది, చప్పుడుకి గేటు ఊచలు జివ్వుమన్నాయి, ఆయన గుండె కూడా. వీధిలోకొచ్చి నిలబడ్డాడు. వెనకద్దంలోంచి నల్లటి కమానూ, దాని ముందు రెండు తలలూ కనబడుతున్నాయి. ఇప్పుడు క్లచ్ వదుల్తుంది, కుర్రకారు వదిలినట్టు వదిలితే ఆ తల వెనక్కి కొట్టుకుంటుంది, చూస్తూనే ఉన్నాడు, రెప్ప వెయ్యలేదు. కారు కదిలింది. ఎప్పుడు కదిలిందో పట్టుకోలేకపోయాడు. భార్య తల ఉన్నచోటు ఉన్నట్టే ఉంది, అంగుళం ఊగలేదు. గతుకు దగ్గర ముందుచక్రాలు ఎక్కి దిగాయి, వెనకవి ఎక్కి దిగాయి, పడవలా. బ్రేకు దీపం మలుపుకి ముందే వెలిగి ముందే ఆరింది, మలుపులో కాదు. అలా చెయ్యమని ఎవరు చెప్పారు దీనికి, తను చెప్పలేదే. కారు కనబడకుండా పోయింది. కళ్ళు మూసుకున్నాడు, వినబడుతోంది. రెండో గేరు. మూడు, చెయ్యి పడిన చప్పుడే లేదు. పెద్ద రోడ్డు దగ్గర ఆగింది, ఏదో బరువు బండి అడ్డంగా పోతోంది, దాన్ని పోనిచ్చింది, సందు దొరకగానే దూరలేదు, పోనిచ్చింది. అప్పుడు, ఇక నాన్నకి వినబడదులే అనుకున్న చోట, గొంతు విప్పింది ఇంజను. ఎంత వేగమో చెవికి తెలుస్తోంది, తెలిసిన చెవి అది. ఆ వేగంలో ఎక్కడా తడబాటు లేదు, ఉలికిపాటు లేదు, గేరు తర్వాత గేరు, దారం సూదిలో పోయినట్టు.

పక్కింటాయన గేటు దగ్గరికొచ్చాడు. "ఎవరండీ ఆ చప్పుడు? ఎవరు నడిపేది?"

"మా అమ్మాయి," అన్నాడాయన. ఇంకా అటే చెవి పెట్టి, "బాగా నడుపుతుంది."

"మీకు భయం వెయ్యదూ?"

"వేస్తుంది," అన్నాడు, చప్పుడు పూర్తిగా కరిగిపోయేదాకా అక్కడే నిలబడి.